బుష్ వచ్చేదాకా

గేర్‌బాక్స్ పని నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఫోన్‌లో ఏదో చప్పుడు రికార్డు చేసుకొచ్చి నా చెవి దగ్గర పెట్టి, ఇదేం బేరింగో చెప్పమంటారు. చెప్తాను. ఆ తర్వాత చాయ్ తాగుతూ, మీ సర్వీసులో మర్చిపోలేని బండి ఏదని అడుగుతారు. ఎవరి వల్లా కాని బండిని నేను నడిపించిన కథ కావాలి వాళ్ళకు. అలాంటివి నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. చెప్పిన ప్రతిసారీ ఆ బండ్లు ముందుకంటే ఇంకొంచెం ఎక్కువ పాడై ఉంటాయి.

మర్చిపోలేని బండి మాత్రం వేరే ఉంది. అది చాయ్ తాగుతూ చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను. పేర్లు రాయను. ఆ మనుషులు ఇంకా ఇక్కడే ఉన్నారు. నేనూ ఇక్కడే ఉన్నాను.

మా షెడ్డు బహదూర్‌పురాలో, జూ గోడకు దగ్గరలో ఒక సందులో ఉండేది. పొద్దున పూట సింహం అరుపు వినిపించేది. కొత్త కస్టమర్లు ఉలిక్కిపడేవారు, మేము తల కూడా ఎత్తేవాళ్ళం కాదు. పని చేసేది ఇద్దరమే, నేనూ నా జోడీదారూ. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. సందులో అందరూ భాయ్ అనేవారు, నేనూ అంతే. గేర్‌బాక్స్ ఆయిల్‌ను వేలిమీద వేసుకుని, వాసన చూసి, లోపల ప్లేట్లు ఎంతవరకు కాలాయో చెప్పేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది. ఇరవై రెండేళ్ళు ఒకే బల్ల మీద పని చేశాం. నేను బిగించిన ప్రతి నట్టునూ ఆయన మళ్ళీ ఒకసారి స్పానర్ పెట్టి చూసేవాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అలవాటైంది. చూసేవాడు ఒకడున్నాడు కదా అన్న ధీమా మనిషిని ఎంత బద్ధకస్తుణ్ణి చేస్తుందో నాకు అప్పుడు తెలియదు.

ఆ బండి జహనుమాలో పాల డైరీ నడిపే పెద్దమనిషిది. నేనుండేదీ జహనుమాలోనే. మా ఇంటికి పాలు వాళ్ళ దగ్గరి నుంచే వచ్చేవి. నన్ను తమ్మీ అని పిలిచేవాడు. ఆయన భార్యను నేను వదినె అనేవాణ్ణి. ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా ఆమె ఉత్త చేతులతో పంపేది కాదు. కూర్చోబెట్టి రెండు జొన్నరొట్టెలైనా పెట్టేది. కొన్నేళ్ళ కిందట ఆయన ఎడమ మోకాలి మీద గేదె తన్నింది. కాలు మళ్ళీ సరిగ్గా వంగలేదు. క్లచ్ తొక్కడం కుదరక, చేతులు మారిన ఒక ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాడు. కొనేముందు నాకే చూపించాడు. బాగుందని చెప్పిందీ నేనే.

రెండేళ్ళు నడిచాక ఆ బండి గేరు జారడం మొదలుపెట్టింది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. గేర్‌బాక్స్ దింపి, కాలిన ప్లేట్లన్నీ మార్చి, మళ్ళీ ఎక్కించడానికి మాకు పన్నెండు రోజులు పట్టింది. అన్నీ అయ్యాక చివర్లో భాయ్ బానెట్ కిందికి వంగి చూసి, నన్ను పిలిచాడు.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఆటోమేటిక్ బండిలో డ్రైవర్ పక్కనుండే లివర్‌కూ, కింద గేర్‌బాక్స్‌కూ మధ్య ఒక కేబుల్ ఉంటుంది. ఆ కేబుల్ చివర వేలి గోరంత ప్లాస్టిక్ బుష్. అదే గేర్‌బాక్స్ మీదున్న పిన్నును పట్టుకుని ఉంటుంది. లివర్‌ను పార్కింగ్‌లోకి, అంటే పీ దగ్గరికి తోస్తే, కేబుల్ లాగుతుంది, లోపల గేర్‌బాక్స్ చక్రాలకు తాళం వేస్తుంది. బుష్ విరిగితే కేబుల్ ఊడిపోతుంది. అప్పుడు పైన లివర్ పీ అని చూపిస్తుంది, కింద గేర్‌బాక్స్ ఇంకెక్కడో ఉంటుంది. నడిపేవాడికి ఆ సంగతి తెలియదు.

ఆ బుష్ సగానికి పగిలి ఉంది.

"నక్కో భాయ్," అన్నాడు ఆయన. ఆయన మాటలో సగం ఉర్దూ ఉండేది. "ఈ బుష్ ఖతమ్ అయింది. కొత్తది ఏసినంక గాడీ ఇద్దాం."

దుకాణానికి ఫోన్ చేశాను. మూడు రోజులు పడుతుందన్నారు. అదే సాయంత్రం డైరీ ఆయన కాలు ఈడ్చుకుంటూ షెడ్డుకు వచ్చాడు.

"తమ్మీ, మీ వదినెకు కన్ను ఆపరేషనయింది. రేపు దవాఖానల సూపియ్యాలె. ఆటోల కుదుపులు తగలొద్దన్నడు డాక్టరు. రేపు ఒక్క దినానికి బండియ్యి. ఏమన్న పని మిగిలుంటె ఎల్లుండి మల్ల తెచ్చి నీ దగ్గర్నే పెడ్త."

భాయ్ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడకుండా బైండింగ్ వైర్ తీసుకున్నాను. పగిలిన బుష్ మీదుగా కేబుల్‌నూ పిన్నునూ కలిపి మూడు చుట్లు చుట్టి మెలిపెట్టాను. లివర్ పదిసార్లు ముందుకూ వెనక్కూ తోశాను. బాగానే పట్టింది. జూ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాను.

"చడావ్ మీద, ఎత్తు ఎక్కించి సూసినవా?" అని అడిగాడు భాయ్.

"లేదు. సాఫ్ రోడ్డు మీదనే."

"ఆయన ఇల్లు చడావ్ మీద ఉంది."

"ఒక్కరోజు భాయ్. బుష్ వచ్చేదాకా."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళలో నా పనిమీద ఆయన స్పానర్ పెట్టి చూడని బండి అదొక్కటే. అది ఆయన పద్ధతిలో వద్దని చెప్పడం. నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఉన్నాను.

తాళాలు ఇస్తూ డైరీ ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. బండి ఆపిన ప్రతిసారీ హ్యాండ్ బ్రేక్ గుంజమని. ఆయనకు ఆ అలవాటు లేదని కూడా నాకు తెలుసు. పీలో పెట్టి దిగిపోయేవాడు. కానీ ఆ మాట చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే పని సగంలో ఉన్న బండి ఇచ్చానని ఒప్పుకోవాలి. పన్నెండు రోజులు చేసిన పనిని ఆయన మెచ్చుకుంటుంటే వినాలనిపించింది. "చిన్న పని ఉంది, ఎల్లుండి తీసుకరా అన్నా," అన్నాను అంతే.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆయన ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు భయం వేసింది.

"తమ్మీ, బండి ఎనుకకు పోయింది. మీ వదినె ఎనుకనే ఉండె."

నేను వెళ్ళేసరికి ఆమెను ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు పోయారు. ఏ ఆటోలో తిప్పొద్దని బండి అడిగాడో, చివరికి ఆ ఆటోలోనే.

జరిగింది చూసినవాళ్ళు చెప్పారు. దవాఖాన నుంచి వచ్చి, ఇంటి ముందు ఎత్తులో బండి ఆపాడు. పీలో పెట్టి, ఇంజన్ ఆపి, గేటు తీయడానికి దిగాడు. వెనక చక్రం సిమెంటు రోడ్డు గుంతలో కూర్చుని ఉంది కాబట్టి బండి ఆ కాసేపు నిలబడింది. ఆమె వెనక సీటు నుంచి అటుపక్క దిగి, తలుపు వేసి, బండి వెనకనుంచి గేటు వైపు నడిచింది. కంటికి నల్లద్దాలు ఉన్నాయి. తలుపు వేసిన ఊపుకు చక్రం గుంత దాటింది. ఎదురింటి గోడ దాకా పోయింది బండి.

ఆ గోడకు ఆనుకుని ఉన్న బండి చుట్టూ జనం. నేను మెకానిక్‌నని అందరికీ తెలుసు. దారి ఇచ్చారు. లోపల కూర్చుని చూస్తే లివర్ పీ దగ్గరే ఉంది. బానెట్ ఎత్తాను. వైరు తెగి ఉంది. కేబుల్ చివర వేలాడుతోంది. ఆయన పీలోకి తోసేటప్పుడు మధ్యలోనే తెగిపోయింది. గేర్‌బాక్స్ న్యూట్రల్‌లో ఉండిపోయింది.

ఇక్కడ కంగారులో చేశానని రాస్తే మీరు నమ్ముతారు. కంగారు లేదు. చాలా శుభ్రంగా పని చేశాను. తెగిన వైరు ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాను. కేబుల్‌ను పిన్నుకు ఎక్కించి, కొత్త వైరుతో గట్టిగా కట్టాను. బానెట్ కింద మెకానిక్ ఏం చేస్తున్నాడని ఎవరడుగుతారు. తర్వాత బండిని గోడ దగ్గర్నుంచి జరపాలి కాబట్టి లివర్‌ను న్యూట్రల్‌కు తెచ్చాను. నలుగురు తోశారు, చక్రాల కింద రాళ్ళు పెట్టారు. లివర్‌ను మళ్ళీ పీలో పెట్టలేదు. కానిస్టేబుల్ వచ్చి లోపలికి తొంగిచూసి, గేరు న్యూట్రల్‌లో ఉందని రాసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తిరిగి వచ్చే దారిలో మురుగు నాలా దగ్గర స్కూటర్ ఆపి, జేబులో వైరు ముక్కలు అందులో పడేశాను.

ఆమె ఆ సాయంత్రమే చనిపోయింది.

రెండు రోజుల తర్వాత స్టేషన్‌లో బండిని పరీక్ష చేసిన అధికారి బ్రేకులు చూశాడు, స్టీరింగ్ చూశాడు, గేరు వేసి చూశాడు. నేను కట్టిన వైరు గట్టిగానే ఉంది. యాంత్రిక లోపం లేదని రాశాడు. బండి వదిలాక షెడ్డుకు తెచ్చారు. అప్పటికి కొత్త బుష్ వచ్చి ఉంది. వేశాను.

భాయ్ ఒక్కటే అడిగాడు, "నువ్వు కట్టిన తార్ తెగిందా?"

"లేదు," అన్నాను. "న్యూట్రల్‌ల పెట్టి దిగిండు."

ఆయన తల ఊపాడు. నమ్మాడో, నమ్మాలని అనుకున్నాడో నాకు తెలియదు.

డైరీ ఆయన మీద కేసు పెట్టారు, నిర్లక్ష్యంగా బండి వదిలి మనిషి చావుకు కారణమయ్యాడని. దానికంటే పెద్ద కేసు ఇంట్లో నడిచింది. ఆమె తమ్ముడు ఒకడున్నాడు, అక్క అంటే ప్రాణం. పదకొండో రోజు అందరి ముందు, "మా అక్కను నువ్వే చంపినవు బావా," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. ఇద్దరు కొడుకులు తండ్రిని ఏమీ అనలేదు. ఏమీ అనకుండానే బండి తాళాలు దాచారు, పాల డబ్బాల స్కూటర్ తాళాలు కూడా.

నెల దాటాక ఒక పొద్దున ఆయన షెడ్డుకు నడిచి వచ్చాడు. అంత దూరం ఆ కాలితో ఎలా వచ్చాడో. స్టూలు వేశాను. కూర్చోలేదు.

"తమ్మీ, నీకు గేర్ల సంగతి ఎరుక. నాకొకటి చెప్పు. నేను లివర్ మీదికంట తోసిన. నా చెయ్యికి యాదికుంది. టక్కుమని సప్పుడు గూడ యాదికుంది. మరి పోలీసోళ్ళు న్యూట్రల్‌ల ఉందంటరు. నేను తోసిననా, తోసిన్నని అనుకుంటున్ననా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు జీవితంలో మళ్ళీ దొరకదు. అది ఆ క్షణంలోనే నాకు తెలుసు.

"వయసు మీద పడ్డంక అట్ల అయితది అన్నా," అన్నాను. "రోజు చేసే పని గద. నిన్న చేసింది ఇయ్యాల చేసినట్టు యాదికొస్తది."

ఆయన చాలాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. "అట్లనె ఉంటది," అని వెళ్ళిపోయాడు.

వెనక బల్ల దగ్గర భాయ్ పని ఆపేసి నిలబడి ఉన్నాడు. నా జవాబు విన్నాడు. ఆ జవాబులో ఉన్న తొందర ఆయనకు వినిపించింది. స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి, తనవి తన పెట్టెలో పెట్టుకున్నాడు. నావి నా వైపు జరిపాడు. చొక్కా మార్చుకున్నాడు.

"రేపటి నుంచి రాను భాయ్."

"ఎందుకు?"

"నాకు చెప్పకపోతే చల్తా, నడుస్తది. ఆయనకు గూడ చెప్పలే నువ్వు."

ఇరవై రెండేళ్ళ స్నేహంలో ఆఖరి మాట అది. ఆపలేదు నేను. ఆపాలంటే ఏదో ఒకటి చెప్పాలి.

ఒంటరిగా పని చేశాను. ప్రతి నట్టునూ నేనే రెండుసార్లు చూసుకునేవాణ్ణి. పార్కింగ్ గేరు పని ఉన్న బండ్లు వస్తే తీసుకునేవాణ్ణి కాదు, సామాను దొరకదని పంపేసేవాణ్ణి. ఇంట్లో పాలు వేరే చోటినుంచి తెప్పించమన్నాను. ఎందుకని మా ఆవిడ అడిగింది. నీళ్ళు కలుపుతున్నారని చెప్పాను. మొదటి అబద్ధం చెప్పాక మిగతావి ఎంత సులువుగా వస్తాయో చూసి నాకే ఆశ్చర్యం వేసేది. పాపం, ఆ ఇంట్లో పాలలో నీళ్ళు ఎప్పుడూ కలపలేదు.

భాయ్ వెళ్ళిపోయిన దాదాపు పది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం వాళ్ళ సందులో నుంచి పోవాల్సి వచ్చింది. డైరీ ముందు ఆయన ఒక గేదెను గుంజకు కట్టేస్తున్నాడు. కట్టాడు. రెండడుగులు వేశాడు. వెనక్కి వచ్చి ముడి పట్టి లాగి చూశాడు. మళ్ళీ నడిచాడు, మళ్ళీ వచ్చాడు. నేను స్కూటర్ ఆపి చూస్తుండగా ఆరుసార్లు వచ్చి ఆ ముడి చూశాడు. చిన్న కొడుకు లోపలినుంచి వచ్చి, "నేను సూస్త తీయి బాపు, నువ్వు పో," అని భుజం పట్టి పక్కకు జరిపాడు. ఆయన చిన్నపిల్లాడిలా జరిగాడు.

ఆ కొడుకే నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "వచ్చే వారం కోర్టు వాయిదా ఉన్నది కాకా. తప్పు ఒప్పుకుంటా అంటుండు. వకీలు వద్దంటె వింటలేడు. ఒప్పుకుంటె మా అమ్మకు జర మనసు నిమ్మలమయితదంట."

ఇంటికి పోయాను. అన్నం ముందు కూర్చున్నాను, లేచాను. మళ్ళీ వాళ్ళింటికి నడిచాను. ఆయన కొట్టంలో పాలు పితుకుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. బుష్ పగలడం, భాయ్ వద్దనడం, వైరు కట్టడం, హ్యాండ్ బ్రేక్ మాట చెప్పకపోవడం, తెగిన ముక్కలు ఏరడం, లివర్ జరపడం. ఏదీ వదల్లేదు. ఆయన చేతులు ఆగలేదు. డబ్బాలో పాల ధార చప్పుడు అలాగే వినిపిస్తోంది. అంతా అయ్యాక ఆగాయి.

"అయితే నేను పీలనే పెట్టిన."

"పీలనే పెట్టినవు అన్నా."

ఆయన నొసలు గేదె డొక్కకు ఆనించాడు. వెనకనుంచి భుజాలు మాత్రం కనిపించాయి. తర్వాత తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"తార్ తెగింది. ఇనుము గద, తెగుతది. దానికి నేనేం అన. నేను నడుసుకుంట నీ షెడ్డుకొచ్చి అడిగిన. ఆ దినం నాకెందుకు చెప్పలే?"

భయం, అన్నాను. అది నిజమే. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటుందని ఆయన కాసేపు ఎదురుచూశాడు. లేదు.

పెద్ద కొడుకు వచ్చి విన్నాడు. చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. తండ్రి వద్దనలేదు, కొట్టమనీ అనలేదు. నేను చేతులు అడ్డం పెట్టలేదు. కొడుకు అలసిపోయి వదిలేశాక ఆయన అన్నాడు, "ఎల్లుండి సోమవారం కాక ఆ పై సోమవారం సంవత్సరీకం. ఆమె తమ్ముని పిలుస్త. సుట్టాలందరు ఉంటరు. వాళ్ళందరి ముంగట నన్నన్నరు. వాళ్ళందరి ముంగట నువ్వొచ్చి చెప్పు."

మర్నాడే వాళ్ళ వకీలు నన్ను స్టేషన్‌కు తీసుకుపోయి వాంగ్మూలం ఇప్పించాడు. ఆ తర్వాతి సంగతులు పొడుగు. ఆయన మీద కేసు పోయింది, నా మీదికి వచ్చింది. భాయ్ కోర్టుకు వచ్చి, నేను చెప్పింది నిజమేనని సాక్ష్యం చెప్పాడు. నా వైపు చూడలేదు. ఆరు నెలలు జైల్లో ఉన్నాను. అక్కడ రోజులు గడవడం కష్టంగానే ఉండింది, కానీ ఎవరికీ ఏదీ దాచాల్సిన పని లేదు. షెడ్డు మళ్ళీ తెరవలేదు.

కోర్టు, జైలు, వీటన్నిటికంటే ముందు ఆ సోమవారం వచ్చింది.

మా ఆవిడ వస్తానంది, వద్దన్నాను. పన్నెండు గంటలకు వెళ్ళాను. వాకిట్లో షామియానా వేశారు. వరసగా విస్తళ్ళు వేసి ఉన్నాయి. ఇంకా వడ్డన మొదలుకాలేదు. ఆమె తమ్ముడు గేటుకు దగ్గరగా, బావకు చాలా దూరంగా కూర్చున్నాడు. పిలిచారు కాబట్టి వచ్చాడు, అంతే. డైరీ ఆయన నన్ను చూసి లేచి, "జర అందరు ఇనుండ్రి. ఈయన మాట్లాడతడు," అన్నాడు.

కొట్టంలో ఒక్క మనిషికి చెప్పిన మాట ఎనభై మందికి చెప్పడం వేరు. బుష్ అంటే ఏమిటో సగం మందికి తెలియదు. ఒక ముసలమ్మ, "ఏంది బిడ్డా అది, గట్టిగ చెప్పు," అంది. గట్టిగా చెప్పాను. బండి పీలోనే ఉండింది. ఆయన పెట్టిన చోటే పెట్టాడు. తెగింది నేను కట్టిన వైరు. లివర్ జరిపింది నేను. అడిగితే అబద్ధం చెప్పింది నేను. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండు అనిపించింది.

ఆమె తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి లేచాడు. నా దగ్గరికే వస్తున్నాడనుకుని నిలబడ్డాను. నన్ను దాటుకుని పోయి, బావ పక్కనున్న విస్తరి ముందు కూర్చున్నాడు.

వడ్డించేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకడికి ఏమీ తెలియదు కాబోలు, కూర్చోమని నాకు ఖాళీగా ఉన్న విస్తరి చూపించాడు.

"ఆయనకు ఒడ్డించొద్దు," అన్నాడు డైరీ ఆయన. గొంతులో కోపం లేదు. నా వైపు చూశాడు. "ఈ ఇంట్ల ఆమె చేతి రొట్టె తిన్నవు తమ్మీ. అది సాలు. ఇంక పో."

దండం పెట్టి వెనక్కి తిరిగాను. గేటు దాకా వచ్చేసరికి వెనక వడ్డన మొదలైంది. అన్నం గిన్నెల చప్పుడులో బావమరిది గొంతు వినిపించింది. మోకాలు ఎట్లుందని అడుగుతున్నాడు. ఆయన ఏదో జవాబు చెప్పాడు, నాకు సరిగ్గా వినపడలేదు. మళ్ళీ ఏదో అడిగాడు, మళ్ళీ ఏదో చెప్పాడు. ఆ ఇద్దరి మాటలూ అలా ఒకదాని వెంట ఒకటి వస్తుంటే కాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత బయటికి వచ్చి గేటు దగ్గరికి వేశాను.